అమ్మ ముందు నాన్న జోకులు చెప్పొచ్చా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు వద్దంది. ఉత్తరం పెద్దది, విషయం వరకు చెప్తా. వాళ్ళ నాన్నగారు ఒక మిల్లులో 31 ఏళ్ళు లేబర్ వ్యవహారాలు చూసి పర్సనెల్ మేనేజరుగా రిటైరయ్యారు, పోయినేడు పోయారు. బాగా సరదా మనిషి. పెద్దకర్మ రోజు మిల్లు పాత యూనియన్ లీడరు ఒకాయన వచ్చి భోజనాల దగ్గర మజ్జిగ కథ చెప్పారంట. మే నెల ఎండలో గేటు ముందు కూర్చుని ఈయన పేరు పెట్టి డౌన్ డౌన్ అని అరుస్తుంటే, ఈయన క్యాంటీన్ వాళ్ళతో మజ్జిగ కుండలు మోయించుకొచ్చి "గొంతులెండిపోయుంటాయి, తాగి మళ్ళీ అందుకోండి, లోపలికి సరిగ్గా వినపడట్లా" అన్నారంట. అందరూ నవ్వారు, అమ్మ మాత్రం లేచి లోపలికెళ్ళిపోయింది. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా నాన్న గొంతుతో ఆ జోకులే చెప్తుంటే "మీ నాన్న పోతే నీకు నవ్వులాటగా ఉందా" అని కసిరింది. వచ్చే నెల సంవత్సరీకం, ఆ లీడరుగారు పదిమంది పాత వర్కర్లతో వచ్చి నాలుగు మాటలు మాట్లాడతామంటున్నారు, అమ్మేమో ససేమిరా అంటంది. "ఏం చెయ్యాలి మేడమ్, నాకు నాన్న జోకులే గుర్తున్నాయి, మనిషి గుర్తు లేడేమోనని భయమేస్తంది" అని రాసింది.

చూడు తల్లీ, నాకంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటా.

ముందు నీ భయం సంగతి. దసరాకి నువ్వు వంద రూపాయలడిగితే నాన్న "చట్ట ప్రకారం కనీస బోనస్ 8.33 శాతం" అని ఎనిమిది రూపాయలు లెక్కపెట్టి, 33 పైసలకి చిల్లర లేదని ఒక చాక్లెట్ చేతిలో పెట్టేవారని నువ్వే రాశావు కదా. నువ్వు అలిగి గొడవ చేసి బేరమాడితే "20 శాతం దాటితే చట్టం ఒప్పుకోదమ్మా" అని 20 రూపాయల దగ్గర తెగ్గొట్టి, తెల్ల కాగితం మీద ఒప్పందం రాయించి మీ ఇద్దరి సంతకాలు, సాక్షిగా అమ్మ సంతకం పెట్టించేవారని కూడా రాశావు. నాన్న రోజుల్లో ఉన్న 1965 బోనస్ చట్టంలో కనీసం 8.33, గరిష్ఠం 20 అని నిజంగానే ఉండేది. ఆయన పగలు మిల్లులో ఏ అంకెల మధ్య నలిగేవారో అవే అంకెల్ని ఇంటికి తెచ్చి, పిల్లకి అడగటం నేర్పారు, అలిగినా మాట్లాడుకోవటం ఆపకూడదని నేర్పారు. అది జోకు అనుకుంటున్నావా, అది మనిషే. ఆయన్ని నువ్వు మర్చిపోలా.

ఇంక అమ్మ సంగతి. నీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా, నువ్వేమో దాన్ని అట్లా రాసేసి ముందుకెళ్ళిపోయావు. పెద్దకర్మ రాత్రి అమ్మ నీతో "మీ అందరికీ మజ్జిగ తెలుసు, ఆ రాత్రి మీ నాన్న కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా లేచెళ్ళటం నాకు తెలుసు" అంది అన్నావు చూడు, మొత్తం ఉంది అక్కడే.

ఆ ఉద్యోగం ఎట్లాంటిదో ఒకసారి ఆలోచించు. మేనేజ్‌మెంటేమో వీడు కార్మికుల మనిషి అనుకుంటది, యూనియనేమో వీడు కంపెనీ మనిషి అనుకుంటది, అడకత్తెరలో పోకచెక్క బతుకు. చర్చలు తెల్లారుజాము దాకా సాగుతయ్యి, పైవాళ్ళు ఒక్క రూపాయి దిగమంటారు, కిందవాళ్ళకి ఆ రూపాయే పిల్లల ఫీజు. అట్లాంటి చోట ఒక నవ్వు పుట్టించాడంటే రెండు వైపులా పరువు పోకుండా ఒక మెట్టు దిగటానికి దారి ఇచ్చినట్టు. దానికి ఆయన ఒంట్లోంచి ఎంత ఖర్చయిందో మిల్లు చూడలేదు, మీరు పిల్లలు చూడలేదు, చూసింది ఆవిడొక్కతే. నవ్వు ఊరందరికీ పంచి, దిగులు ఇంటికి తెచ్చి ఆవిడ దగ్గర దించుకునేవాడాయన. ఇప్పుడు పదిమంది కూర్చుని నవ్వులు మాత్రమే చెప్పుకుంటుంటే ఆవిడ మోసిన సగం అసలు లేనట్టే అయిపోతంది కదా. ఆవిడ కోపం జోకుల మీద కాదనుకుంటా నేను.

అందుకని ఆ కంచం రాత్రి గురించి అమ్మని అడుగు. జోకుల గురించి కాదు, ఆ రాత్రి గురించే. ఏం కూర వండావమ్మా, ఏ టైముకొచ్చాడు, ఏమన్నా అన్నాడా అని చిన్న చిన్నవి అడుగు, గోంగూర ఒలుస్తూనో బట్టలు మడతేస్తూనో అడుగు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మన అమ్మలు చెప్పరు. ఏడిస్తే ఏడవనీ, "ఊరుకో అమ్మా" అనకు. ఒక్కరోజులో అవ్వకపోతే రెండోసారి మూడోసారి కూర్చో.

సంవత్సరీకం విషయంలో మీ నాన్న పనిచేసిన పద్ధతే చెయ్యి. గట్టి తగాదాలో ఇద్దర్నీ మొదటే ఒక గదిలో కూర్చోబెట్టరు, ముందు అటువైపు విడిగా, ఇటువైపు విడిగా విని తర్వాతే జాయింట్ మీటింగ్. ఇంకొకటి, నాన్న రోజుల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద కన్సిలియేషన్ ఆఫీసర్, అంటే తగాదాలు సర్దే ప్రభుత్వ అధికారి, ముందు కాకుండా బయట రాసుకున్న ఒప్పందం సంతకం పెట్టిన వాళ్ళకే వర్తించేది, మిగతావాళ్ళకి కాదు. నువ్వూ తమ్ముడూ ఫోన్లో తేల్చేసుకుంటే అది మీ ఇద్దరికే, అమ్మకి కాదు. తద్దినం రోజు పొద్దున భోక్తలు, పిండప్రదానం, ఆ హడావిడి మధ్యలో మాటలు పెట్టొద్దు. ఆ పెద్దాయన్ని వేరే రోజు సాయంత్రం, ముందు ఒక్కడినే టీకి పిలవండి, అదీ అమ్మ సరేనంటేనే. ఆయన కథ చెప్పేముందు నువ్వు పక్కకి తీసుకెళ్ళి ఆ రాత్రి నాన్న అన్నం తినలేదని చెప్పు. అటుపక్క నిలబడి అరిచిన మనిషి అది తెలుసుకుని అమ్మ ముందు కూర్చోవటం వేరుగా ఉంటది, ఒకవేళ ఆయన దగ్గర కూడా ఎవరికీ చెప్పని రాత్రి ఒకటి ఉండొచ్చు.

తమ్ముణ్ణి తిట్టొద్దు. ఆ ఇంట్లో నిశ్శబ్దం వాడికి భయం, అందుకే గొంతు మార్చి నింపుతున్నాడు. అమ్మ ముందు కొన్నాళ్ళు ఆపమను, నీకు మాత్రం ఫోన్ చేసి చెప్పమను, నువ్వు మనసారా నవ్వు, తప్పేం లేదు.

నాన్న గొంతు మర్చిపోతున్నానని చివర్లో రాశావు. తమ్ముడి పెళ్ళి క్యాసెట్ ఎక్కడుందో వెతుకు, భోజనాల బంతి దగ్గర ఆయన మాట్లాడకుండా ఉండి ఉండరు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే స్టూడియోలు ఇంకా ఉన్నాయి. పాత ఫోన్లలో వాట్సాప్ వాయిస్‌లు కూడా చూడు.

అమ్మ ఒక పూటే తింటంది, మూడింటికే లేచి కూర్చుంటంది అన్నావు, ఏడాది అయినా అట్లాగే ఉందంటే బెంగే కదాని వదిలెయ్యకు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, ముందు ఫోన్లో మాట్లాడాలంటే మనసు బాగోలేని వాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ లీడరుగారికి ఇప్పుడే కాదనకు, అవుననకు, "అమ్మతో మాట్లాడి పదిరోజుల్లో చెప్తానండి" అను చాలు. ఆ 20 రూపాయల కాగితం ఇంకా ఉందన్నావుగా, లామినేషన్ చేయించకు, వేడికి పాత కాగితం పాడైపోతది, కవర్లో పెట్టుకుని ఈసారి అమ్మ దగ్గరికి వెళ్ళేప్పుడు తీసుకెళ్ళు. కింద సాక్షి సంతకం ఆవిడదేగా, చూపించు.