బిడ్డ బరువే సాక్ష్యం

మందులతో పాలు రప్పించుకోవడం గురించి, ట్రాన్స్ మహిళలు బిడ్డకు పాలివ్వడం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. ఇందులో రాసిన మోతాదులు మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు అర్థమవడానికే. వీటిని పట్టుకుని నేరుగా మందుల షాపుకు వెళ్లొద్దు.

ప్రశ్న: ట్రాన్స్ మహిళకు వచ్చే పాలు తల్లిపాలతో సమానమని కొందరు, అసలు పాలే కాదు, మందుల స్రావమని మరికొందరు వాదిస్తున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: అది పాలే. పాలు రప్పించడానికి వాడే డోంపెరిడోన్ (వాంతుల మందు) మాత్ర పాలను తయారు చేయదు. పాలు ఊరించే హార్మోన్ ప్రొలాక్టిన్‌ను పీయూష గ్రంథి వదలకుండా డోపమైన్ అనే మెదడు రసాయనం అడ్డుకుంటూ ఉంటుంది. ఈ మాత్ర ఆ అడ్డు తీస్తుంది, అంతే. పాలు తయారయ్యేది రొమ్ములోని తిత్తుల్లో, రక్తం నుంచి వచ్చిన సరుకుతో. పాల నాళాలు మగవాళ్లలోనూ ఉంటాయి. అప్పుడే పుట్టిన మగబిడ్డకు కూడా, తల్లి హార్మోన్ల ప్రభావంతో, కొన్నాళ్లు రొమ్ము ఉబ్బి చుక్క పాలు రావడం మంత్రసానులకూ పిల్లల డాక్టర్లకూ తెలిసిందే. ఈస్ట్రోజెన్ ఏళ్ల తరబడి వాడి, టెస్టోస్టెరాన్‌ను అణచిన ట్రాన్స్ మహిళల రొమ్ముల్లో తిత్తులు పూర్తిగా ఏర్పడతాయని 2000లో వచ్చిన కణజాల పరీక్షలు చూపించాయి.

2018లో న్యూయార్క్ వైద్యులు 30 ఏళ్ల ట్రాన్స్ మహిళ గురించి రాసిన నివేదికతో ఈ చర్చ బయటికొచ్చింది. ఆమెకు రోజుకు 8 ఔన్సుల పాలు, అంటే సుమారు 240 మి.లీ. పడ్డాయి. బిడ్డ ఆరు వారాలు ఆ పాలే తాగింది, ఎదుగుదల బాగుందని పిల్లల డాక్టరు చెప్పారు. తర్వాత పరిమాణం చాలదేమోనని పోతపాలు కలిపారు. 2023లో మరో ట్రాన్స్ మహిళ పాలను పరీక్షిస్తే మాంసకృత్తులు, కొవ్వు, లాక్టోజ్, కేలరీలు నెలలు నిండి ప్రసవించిన తల్లిపాల ప్రామాణిక స్థాయిలోనో అంతకు పైనో ఉన్నాయి.

అలాగని ‘సమానం’ అనేయడం మాకు సమ్మతం కాదు. ఒకటి నుంచి ఆరు నెలల బిడ్డ రోజుకు దాదాపు 750 మి.లీ. తాగుతుంది. అందులో 240 అంటే మూడో వంతు. పైగా ముర్రుపాలు గర్భంతో ముడిపడినవి. మందులతో పాలు రప్పించుకున్నవాళ్లకు, ఆడదిగా పుట్టిన దత్తత తల్లికైనా సరే, ఆ దశ స్పష్టంగా ఉండదు. ఇప్పటిదాకా వచ్చినవి చాలావరకు ఒక్కొక్కరి గురించి రాసిన కేసు నివేదికలే. 2024 ఫిబ్రవరిలో ఈ పాలు తల్లిపాలతో పోల్చదగినవేనంటూ ఇంగ్లండ్‌లోని ససెక్స్ ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆసుపత్రుల) ట్రస్టు రాసిన లేఖ బయటపడి దుమారం రేగినప్పుడు, ఇంత తక్కువ సాక్ష్యం మీద అంత గట్టి మాట ఎలా అంటారని విమర్శకులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. అదే ఏడాది నవంబరులో తల్లిపాలను ప్రోత్సహించే అంతర్జాతీయ సంస్థ లా లేచే లీగ్ స్థాపకుల్లో ఒకరైన మారియన్ టాంప్సన్ 94 ఏళ్ల వయసులో ఈ విషయం మీదే సంస్థ నుంచి తప్పుకున్నారు. ‘సాక్ష్యం తక్కువ’ అనడం వేరు, ‘అది విషం’ అనడం వేరు. రెండోదానికి ఆధారం లేదు.

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. నాలుగేళ్లుగా హార్మోన్లు వాడుతున్నాను. నా భాగస్వామికి ఇప్పుడు ఐదో నెల. బిడ్డకు నేనూ పాలివ్వాలనుకుంటున్నాను. ఏం చేయాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: సమయం సరిగ్గా ఉంది. 2018 కేసులో మొదలుపెట్టింది ప్రసవానికి మూడున్నర నెలల ముందు.

మందు ముట్టుకోకముందే పరీక్షలు కావాలి. ప్రొలాక్టిన్, ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం), టెస్టోస్టెరాన్, థైరాయిడ్, కాలేయం, పొటాషియం, మెగ్నీషియం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ కూడా. పాలివ్వబోయే ఎవరికైనా ఇవి తప్పవు. ఆ పైన ఒక ఈసీజీ. డోంపెరిడోన్ గుండెలోని విద్యుత్ విరామాన్ని, క్యూటీ అంటారు దాన్ని, సాగదీయగలదు. అది ముందే ఎక్కువగా ఉంటే ఈ మందు వద్దు.

తర్వాత మీరిప్పుడు వాడుతున్న మందుల జాబితా చూడాలి. టెస్టోస్టెరాన్‌ను అణచడానికి స్పైరనోలాక్టోన్ వాడుతుంటే అది పాలల్లోకి చేరేది స్వల్పం, కొనసాగించవచ్చు. సైప్రోటెరోన్, బైకాల్యుటమైడ్ అలా కాదు. బిడ్డలో మగ హార్మోన్ పనికి అడ్డురాగల మందులవి, బైకాల్యుటమైడ్ అయితే ఒంట్లో వారాల తరబడి నిలిచిపోతుంది. అవి మార్చుకోవాల్సిందే, అదీ పాలు పడ్డాక కాదు, ఇప్పుడే. వృషణాలు ఉన్నవాళ్లు మందు మార్చకుండా ఊరికే మానేస్తే టెస్టోస్టెరాన్ మళ్లీ పెరిగి పాలను దెబ్బతీస్తుంది.

ఇక అసలు పద్ధతి. గర్భంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉండి రొమ్మును సిద్ధం చేస్తాయి, కానీ ప్రొజెస్టెరాన్ ఉన్నంతకాలం పాలు దిగనివ్వదు. మాయ పడగానే ఆ స్థాయి ఒక్కసారి కూలుతుంది, రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. మందులతో ఈ ఎక్కడాన్నీ దిగడాన్నీ అనుకరిస్తాం. న్యూయార్క్ కేసులో ఈస్ట్రడయోల్ రోజుకు 4 మి.గ్రా. నుంచి 12కి, ప్రొజెస్టెరాన్ 200 నుంచి 400కి పెంచారు. డోంపెరిడోన్ 10 మి.గ్రా. రోజుకు మూడుసార్లుతో మొదలై 20 మి.గ్రా. నాలుగుసార్లకు చేరింది. ప్రసవానికి రెండు వారాల ముందు ప్రొజెస్టెరాన్ 100కి తగ్గించి, ఈస్ట్రడయోల్ మాత్రలు ఆపి చర్మానికి అంటించే 0.025 మి.గ్రా. ప్యాచ్ పెట్టారు. పూర్తిగా మానేయక ఆ చిన్న ప్యాచ్ ఎందుకంటే, ఈస్ట్రోజెన్ సున్నా అయితే వేడి ఆవిర్లు, మనోవేదన భరించలేనంత రావచ్చు.

ఈస్ట్రడయోల్ 12 మి.గ్రా. చిన్న మోతాదు కాదు. పొగతాగేవాళ్లకు, గతంలో రక్తం గడ్డ కట్టినవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. అలాంటివాళ్లకు హార్మోను పెంచకుండా డోంపెరిడోన్, పాలు తీసే పంపుతోనే ప్రయత్నించడం మేలని మా అభిప్రాయం. పాలు తక్కువ పడితే పడనీయండి.

పంపు విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. రెండు రొమ్ములకూ ఒకేసారి పనిచేసే కరెంటు పంపు, ఆసుపత్రి స్థాయిది కావాలి. దాంతో వచ్చే గరాటు సాధారణంగా 24 మి.మీ. ఉంటుంది, చాలామంది ట్రాన్స్ మహిళలకు అది పెద్దది. చనుమొన అడుగున అడ్డుకొలత తీసి దానికి 2 లేదా 3 మి.మీ. కలపండి. 15 వస్తే 17, 18 సైజు గరాటు. పెద్దది వాడితే చుట్టూ ఉన్న నల్ల భాగం కూడా గొట్టంలోకి లాగబడి వాస్తుంది, పాల నాళాలు నొక్కుకుపోతాయి. పంపు ఆపి చూస్తే చనుమొన తెల్లబారి, దాని మొదలు దగ్గర ఎర్రటి వలయం ఉందంటే సైజు తప్పు. మొదట రోజుకు మూడుసార్లు, రొమ్ముకు 5 నిమిషాలు చాలు. హార్మోన్లు దించాక మూడు గంటలకొకసారి, 15 నుంచి 20 నిమిషాలు. తెల్లవారుజామున ఒంటిగంటకూ ఐదుకూ మధ్య ఒకసారి తప్పనిసరి, ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ. మధ్యలో ఆపి రొమ్మును చేత్తో నిమిరి మళ్లీ పెట్టండి, చేపు అలా తొందరగా వస్తుంది. నొప్పి పుట్టేంత పీడనం పెట్టినందువల్ల అదనంగా చుక్క కూడా రాదు. నొప్పి, భయం చేపును ఆపేస్తాయి.

నెలరోజులకు చుక్కలు కనబడితే అనుకున్న దారిలో ఉన్నట్టే.

రొమ్ము పెంచే శస్త్రచికిత్స చేయించుకున్నారా అన్నది రాయలేదు. నల్ల భాగం చుట్టూ కోసి ఉంటే నాళాలు, నరాలు తెగి ఉండవచ్చు. రొమ్ము కింది మడతలో కోసి ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: బిడ్డను కనబోయేది నేను. నా భాగస్వామి కూడా పాలిస్తే నాకు పాలు తగ్గిపోతాయా?

జవాబు: లెక్క తప్పితే తగ్గుతాయి. రొమ్ము ఖాళీ అయిన కొద్దీ పాలు ఊరతాయి, నిండి గడ్డకడితే ఊరడం మందగిస్తుంది. రోజుకు పది పర్యాయాల్లో రెండు ఆమె తీసుకుంటే, ఆ రెండు సమయాల్లో మీరు పంపు పెట్టాల్సిందే. ముర్రుపాలు మాత్రం పూర్తిగా మీవే ఉండనివ్వండి. మొదటి మూడు నాలుగు వారాలు మీ పాలు నిలదొక్కుకునేదాకా ముందు మీరు పట్టి, కడుపు నిండి ఊరికే చప్పరించే వేళ ఆమె చేతికి ఇవ్వండి. మీకు నష్టం లేదు, ఆమె రొమ్ముకు పంపు ఇవ్వలేని ప్రేరణ దొరుకుతుంది. ఏ పూట ఎవరిదో ప్రసవానికి ముందే మాట్లాడుకోండి. పచ్చి బాలింతగా, నిద్రలేని రాత్రి ఆ మాట తేలదు.

ప్రశ్న: దత్తత తల్లిని. ఎనిమిది వారాలుగా పంపు వాడుతున్నా రోజుకు 60 మి.లీ. దాటడం లేదు. బిడ్డ వచ్చేసింది, 4 కిలోలు ఉంది. ఇక మానేయమంటారా?

జవాబు: మానేయకండి. అలాగని పోతపాలు ఆలస్యం చేయకండి. కిలోకు సుమారు 150 మి.లీ. లెక్కన మీ బిడ్డకు రోజుకు 600 కావాలి. మీవి 60 పోగా మిగతా 540 పోతపాలే. వాటిని రొమ్ము దగ్గరే పట్టవచ్చు. 5 ఫ్రెంచ్ (గొట్టం మందం కొలత) సైజు సన్నని ఫీడింగ్ ట్యూబు ఒక కొన పాల సీసాలో ఉంచి, రెండో కొన చనుమొన చివరతో సమానంగా టేపుతో అంటించండి. ముందుకు పొడుచుకొస్తే బిడ్డ అంగిలికి గుచ్చుకుని రొమ్ము వదిలేస్తుంది. సీసా చనుమొన ఎత్తులో ఉంచి మొదలుపెట్టండి. పైకెత్తితే ధార ఎక్కువై పొలమారుతుంది. మరీ కిందికి దించితే లాగలేక ఏడుస్తుంది. బుగ్గలు లోపలికి పోయి, పెదాలు ముడుచుకుని ఉన్నాయంటే గొట్టాన్ని మాత్రమే పీలుస్తోంది. విడిపించి, నోరు బాగా తెరిచాక నల్ల భాగం చాలావరకు నోట్లోకి వెళ్లేలా మళ్లీ పట్టండి. పొడిపాలు ఉండ కడితే గొట్టం మూసుకుపోతుంది. వాడిన వెంటనే సిరంజితో చల్లటి నీళ్లు, తర్వాత సబ్బు వేడినీళ్లు పంపండి.

మీ నుంచి ఎంత వెళ్లిందో తెలియాలంటే 2 గ్రాముల తేడా చూపే తూకం మీద, అదే బట్టలతో, అదే డైపరుతో, పాలకు ముందూ తర్వాతా తూచండి. పెరిగిన గ్రాముల్లోంచి సీసాలో తగ్గిన మి.లీ. తీసేస్తే మిగిలింది మీ పాలు.

ప్రశ్న: మా మేనకోడలు ట్రాన్స్ మహిళ. సరోగసీ ద్వారా బిడ్డ పుట్టబోతోంది, పాలిస్తానంటోంది. ఇది బిడ్డ కోసమా, తన కోరిక కోసమా? అడగడం తప్పయితే క్షమించండి.

జవాబు: తప్పేమీ లేదమ్మా. కోరిక ఉండడం నేరం కాదు. కడుపున కన్న తల్లికీ ఆ కోరిక ఉంటుంది. అది బిడ్డ మీద భారం ఎప్పుడవుతుందో మాత్రం కొలవవచ్చు. ‘నా పాలే తాగాలి’ అన్న పంతంతో పోతపాలు ఆపినప్పుడు అవుతుంది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గుతుంది. పది శాతం దగ్గరకొస్తే వెంటనే పరీక్షించాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆ తర్వాత మూడు నెలలదాకా రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఐదో రోజు నుంచి 24 గంటల్లో ఆరుకు తగ్గకుండా డైపర్లు తడవాలి. ఈ అంకెలు తప్పితే అదే రోజు పోతపాలు పెంచుతానని మేనకోడలు ముందే ఒప్పుకుంటే మీరు నిశ్చింతగా ఉండండి. వారానికోసారి తూకం వేయించే బాధ్యత మీరే తీసుకోండి, మేనత్తగా మీరు చేయగలిగిన పెద్ద సాయం అది.

మందుల భయం గురించి కూడా చెప్పాలి. డోంపెరిడోన్ పాలల్లోకి చేరేది చాలా కొద్ది. అయినా తయారీదారు కరపత్రం బిడ్డ గుండె విషయంలో జాగ్రత్త చెబుతుంది. నెలలు నిండకుండా పుట్టినా, బిడ్డకు గుండె జబ్బున్నా పిల్లల డాక్టరు సరేనన్నాకే.

ప్రశ్న: డాక్టరును అడగకుండా డోంపెరిడోన్ కొని ఐదు నెలలుగా రోజుకు 80 మి.గ్రా. వేసుకుంటున్నాను. పాలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కసారిగా ఆపేయవచ్చా?

జవాబు: ఒక్కసారిగా వద్దు. అంత మోతాదు హఠాత్తుగా ఆపినవాళ్లలో తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి, కుంగుబాటు వచ్చాయి. వారానికి ఒక 10 మి.గ్రా. మాత్ర చొప్పున తగ్గించండి. నిద్ర చెడితే ఆ మెట్టు మీదే ఇంకో వారం ఆగండి. అయితే ముందు ఈ వారమే ఈసీజీ తీయించండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే పాల కోసం ఈ మందు వాడొద్దని హెచ్చరించింది. యూరప్ నియంత్రణ సంస్థ 2014లో వాంతులకు సైతం రోజుకు 30 మి.గ్రా., గరిష్ఠంగా వారం అని హద్దు పెట్టింది. మీరు మోతాదులో దాన్ని రెండున్నర రెట్లకు పైగా, కాలంలో సుమారు ఇరవై రెట్లు దాటారు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ దీనితో కలవకూడదు. చనుమొనకు ఫంగస్ వచ్చిందని ఫ్లుకోనజోల్ రాసేవాళ్లుంటారు, అప్పుడు మీరు వేసుకుంటున్నది తప్పక చెప్పండి. గుండె దడ, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం కనిపిస్తే తగ్గించే లెక్కలు పక్కనపెట్టి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి, మాత్రల అట్టను వెంట తీసుకెళ్లండి.