బొమ్మ చూసి గళ్ళు నింపకు

ఒరేయ్ చిన్నోడా, నువ్వు చేసి పంపిన నోనోగ్రామ్ పజిల్ ఫోటో చూశా. పిల్లి చెవిలా ఒకటి కనపడగానే రెండో చెవి నువ్వే గీసేశావు కదా, అందుకే ఆ పక్క నిలువు వరుసలు ఒక్కటీ కుదరట్లేదు. నోనోగ్రామ్ అంటే ప్రతి అడ్డం, నిలువు వరుసకీ ఇచ్చిన అంకెలు ఎన్నేసి గళ్ళు పక్కపక్కనే నల్లగా నింపాలో చెప్తాయి, అలా నింపితే చివర్లో బొమ్మ వస్తుంది. అంకెలు చెప్తేనే నింపాలి, ఆ పిల్లి పక్కకి తిరిగి కూర్చుందేమో నీకేం తెలుసు!

ముందు పెద్ద అంకెలు వెతుకు. పది గళ్ళ వరుసకి 7 అని ఉందనుకో, పూర్తిగా ఎడమకి జరిపితే 1 నుంచి 7 దాకా, కుడికి జరిపితే 4 నుంచి 10 దాకా వస్తుంది, అంటే ఎటు జరిపినా 4, 5, 6, 7 గళ్ళు నల్లగా ఉండాల్సిందే, ఇంకేం ఆలోచించకుండా నింపెయ్. 3, 4 అని రెండుంటే మధ్యలో కనీసం ఒక ఖాళీ కలుపుకో, మొత్తం 8, మిగిలేది 2. ఏ అంకైనా ఆ మిగులు కంటే ఎంత ఎక్కువుంటే అన్ని గళ్ళు గ్యారంటీ, అంటే 3కి ఒకటి, 4కి రెండు. రావని తేలిన గళ్ళలో ఇంటూ కొట్టు, బద్ధకించకు, అడ్డం వరుసలో కొట్టిన ఇంటూయే నిలువు వరుసకి క్లూ అవుతుంది. నాకైతే అసలు మజా అక్కడే, చివర్లో వచ్చే బొమ్మ ఎలా ఉన్నా పర్లేదు.

దీని పుట్టుక కూడా భలే ఉంటుంది. 1987లో టోక్యోలో నోన్ ఇషిదా అనే గ్రాఫిక్స్ ఎడిటర్ ఎత్తైన బిల్డింగుల్లో లైట్లు కొన్ని వెలిగించి కొన్ని ఆర్పి బొమ్మలు వచ్చేలా డిజైన్ చేసి పోటీలో గెలిచింది, ఆ ఐడియానే పజిల్ అయింది. దాదాపు అప్పుడే నిషియో తెత్సుయా అనే పజిళ్ళాయన విడిగా ఇదే కనిపెట్టాడు. 1990లో ఇంగ్లండ్‌లో సండే టెలిగ్రాఫ్ పత్రిక వారం వారం వేయడం మొదలుపెట్టింది, నోన్ ఇషిదా పేరు మీదే నోనోగ్రామ్ అన్నారు. 1995లో నింటెండో కంపెనీ చేత్తో పట్టుకుని ఆడే తన గేమ్ బాయ్‌లో ఈ పజిళ్ళనే మారియోస్ పిక్రాస్ అనే గేమ్‌గా తెచ్చింది.

ఇప్పుడే ఇరవై గళ్ళవాటి జోలికి పోకు, పదివే చెయ్. ఫోన్‌లో ఆడేటప్పుడు తప్పు చూపించే ఆప్షన్ ఆఫ్ చేసుకో, లేకపోతే నొక్కి చూసి నొక్కి చూసి నెట్టుకొస్తావు. ప్రింట్ తీసి పెన్సిల్‌తో చేస్తే ఇంకా మంచిది.

పెద్దమ్మ