కింది అరలో ఏముందో ముందు చూడండి

మీ ప్రశ్న ఇది కదా: బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడుతున్నాయి, ఏడాదిగా కట్టనివన్నీ తీసేయమని అందరూ చెబుతున్నారు, మనసు ఒప్పడం లేదు, కోనసీమ వైపు వాళ్ళు ఎలా సర్దుకుంటున్నారు అని. మాది పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక. నేను కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అవి 2022 వరదలో ఏర్పడ్డాయి.

ముందు ఆ ఏడాది లెక్క సంగతి. అది మన ఇళ్ళకు కుదరదు. పట్టుచీర ఏడాదికి ఒకసారైనా కడతామన్న నమ్మకం లేదు. మేనకోడలి పెళ్ళికి కట్టింది మళ్ళీ దాని పిల్ల అన్నప్రాసనకే బయటికొస్తుంది. ఆ లెక్కన చూస్తే పట్టుచీరలన్నీ పోయి నైటీలు మిగులుతాయి. అసలు బీరువా నిండేది మనం కొనుక్కున్న బట్టలతో కాదు, మనకి పెట్టిన బట్టలతో. పెట్టుబడి చీరలు, జాకెట్టు ముక్కలు, గృహప్రవేశాల్లో చేతిలో పెట్టిన ప్యాంటూ చొక్కా గుడ్డలు. ఇంట్లోకి వచ్చే ఆ దారి మూయకుండా ఎన్నిసార్లు సర్దినా ఆరు నెలలకి మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇప్పుడు ఆ వరద సంగతి చెబుతాను. జూలై రెండో వారం, ఆషాఢం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మాకు కొత్త కాదు. కాజ్‌వే మునుగుతుంది, పడవలు వేస్తారు, వారంలో నీరు తీస్తుంది. కానీ ఆసారి బ్యారేజీ దగ్గర 17.75 అడుగులు దాటి మూడో హెచ్చరిక కూడా వచ్చేసింది. మా అత్తగారు వీధి అరుగు మీద కూర్చుని చాలాసేపు నీటి రంగు చూశారు. ఆవిడ 1986 వరద చూసిన మనిషి. "అమ్మాయ్, ఇది ఎనభయ్యారు నీరులా ఉంది. బట్టలు మూట కట్టెయ్" అన్నారు.

మావారూ పాలేరూ ధాన్యం బస్తాలు డాబా మీదికి ఎక్కిస్తున్నారు. కరెంటు పోయింది. నేను టార్చిలైటు నోట్లో పెట్టుకుని బీరువా తెరిచి, నేల మీద డబుల్ దుప్పటి పరిచాను. ఏది తీసుకోవాలా అని ఆలోచించలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. రోజూ కట్టే నేత చీరలు ఆరు, వాటి జాకెట్లు, లంగాలు, నైటీలు మూడు, అత్తగారి చీరలు నాలుగు, మావారి లుంగీలు, తువ్వాళ్ళు. పై అర లోంచి పట్టుచీరలు రెండు. మూట ముడి వేసేసరికి పావుగంట కూడా కాలేదు. కింది అర వైపు చూడనైనా చూడలేదు. అందులో ఉన్నవన్నీ కట్టనివేగా అనుకున్నాను.

మనమందరం చేసేది ఇదే. కట్టేవి చేతికందే చోట పెడతాం, కట్టనివి కిందికి తోసేస్తాం.

మర్నాటి రాత్రికి నీరు ఇంట్లోకొచ్చింది. బ్యారేజీ నుంచి వదిలేది 25 లక్షల క్యూసెక్కులు దాటిందని ఫోన్లలో వింటున్నాం. మేము డాబా మీద రేకుల కింద ఉన్నాం. ఇంట్లో మోకాటి లోతున నాలుగు రోజులు నీరు నిలబడింది. తీసిన తర్వాత కిందికి దిగితే గది నిండా జానెడు ఒండ్రు. బీరువా తలుపు సందులో కూడా ఒండ్రు బిగుసుకుపోయింది. మావారు గునపం పెట్టి లాగితే తెరుచుకుంది. ఆ ముక్కవాసన నాకు ఇప్పటికీ గుర్తే.

కింది అరలో ప్లాస్టిక్ కవర్లతో సహా దాచిన పెట్టుబడి చీరలు పంతొమ్మిది. ఒక్కో కవరు నిండా ఎర్రటి నీళ్ళు. పిల్లల చిన్నప్పటి యూనిఫారాలు. వాటి పక్కన జాకెట్టు ముక్కలు, తర్వాత లెక్కపెడితే డెబ్బై నాలుగు. ఎరుపు, ఆకుపచ్చ, బంతిపువ్వు రంగు, అన్నీ నీటిలో నాని ఒకే ముద్దయ్యాయి. ఆ ముద్ద కింద, పాత తువ్వాలులో చుట్టి నేనే పెట్టిన మా పెళ్ళి మధుపర్కాలు.

తెల్ల నేత, ఎర్ర అంచు. 1994లో తలంబ్రాలు పోసుకున్న చీర. మడత విప్పితే ఒక పెద్ద ఎర్ర మరక, పక్కనే పచ్చటి మరక. ఇంకో మడత విప్పితే అదే మరక, అదే ఆకారం, కొంచెం పలచగా. అలా ఎనిమిది మడతల్లో ఎనిమిదిసార్లు. అంచు దారాల మధ్య ఒండ్రు సన్నటి గీతలా కూర్చుంది. నేను దాన్ని దండెం మీద వెయ్యబోతే అత్తగారు ఆపారు. "ఆరనివ్వకు. ముందు జాడించు. ఒండ్రు ఆరితే నేతలోకి దిగిపోద్ది" అన్నారు. బోరింగు దగ్గర బకెట్లు మార్చుకుంటూ, పిండకుండా, చన్నీళ్ళలో అదిమి అదిమి ముంచాం. తొమ్మిదో బకెట్టుకి నీళ్ళు తేటపడ్డాయి. ఒండ్రు పూర్తిగా పోయింది. రంగు మరకలు మాత్రం పోలేదు, ఇక పోవు కూడా.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంట్లోకి ఏరొచ్చిందని నాకు కోపం లేదు, లంకలో ఉన్నాక ఏరు వస్తుంది. ఎవరూ ఎన్నడూ కుట్టించుకోని గుడ్డముక్కల రంగు నా పెళ్ళి చీరకి అంటుకుందని ఏడ్చాను.

అందుకే జాకెట్టు ముక్కల గురించి చెప్పకుండా ఉండలేను. మా అమ్మ రోజుల్లో రవికల గుడ్డ అంటే నిజంగా కుట్టించుకునే గుడ్డ. ఇప్పుడిస్తున్న ముక్క మీటరైనా ఉండదు. పట్టుకుంటే జారిపోయే పలచటి గుడ్డ. టైలరు దగ్గరికి తీసుకెళితే "చేతులు రావండీ" అంటాడు. శ్రావణమాసంలో ఒక్క వీధిలోనే పదీ పదిహేనూ చేరతాయి. వచ్చినవి మనం ఇంకొకరికి ఇస్తాం, వాళ్ళు మరొకరికి ఇస్తారు. మా పేరంటంలో నేను మూలన పసుపు బొట్టు పెట్టి ఇచ్చిన ముక్క, రెండేళ్ళకి ఇంకో ఇంటి వాయనంలో నాకే తిరిగొచ్చింది. డబ్బు పెట్టి కొన్న గుడ్డ ఒంటి మీదికి ఎక్కకుండా బీరువా నుంచి బీరువాకి తిరగడం నాకు తప్పుగానే అనిపిస్తుంది. వరద తర్వాత మా ఇంట్లో మానేశాం. తాంబూలంలో పసుపు కుంకుమ, పళ్ళు, నానబెట్టిన శనగలు, ఒక నూలు చేతిరుమాలు ఇస్తున్నాను. ముక్క లేదేమిటని మొదటి ఏడాది ఇద్దరు అడిగారు. రెండో ఏడాది ఆ ఇద్దరూ మానేశారు.

ఇంకో బాధ కూడా ఉంది. తీసేసిన బట్టలు ఎక్కడికి వెళ్ళాలన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. వరద తగ్గాక ఏటిగట్టు మీదికి వ్యాన్లలో పాత బట్టలు వచ్చాయి. చిరిగిన ప్యాంట్లు, హుక్కులు ఊడిన జాకెట్లు, జిగేలుమనే పార్టీ గౌన్లు, ఒకచోట చలికోట్లు కూడా చూశాను. ఆ సమయంలో మాకు కావలసింది లంగాలు, లుంగీలు, తువ్వాళ్ళు, ఆడపిల్లల లోదుస్తులు. ఆ వచ్చిన బట్టల కుప్ప ఎవరూ ముట్టక వానకి తడిసి, కుళ్ళి, చివరికి గట్టు పక్కనే మట్టిలో కలిసింది. తెచ్చినవాళ్ళది మంచి మనసే. కానీ తమ బీరువాలో చోటు కోసం తీసిన బట్టని దానం అనుకున్నారు. దయచేసి అలా చెయ్యకండి. ఉతికి, ఇస్త్రీ చేసి, ఎదురుగా నిలబడి ఒక మనిషి చేతిలో పెట్టగలిగిన బట్టే ఇవ్వండి.

మిగతావాటికి మనవాళ్ళకి పూర్వం నుంచీ దారులున్నాయి. మెత్తబడిన నేత చీరలు ఐదారు కలిపితే బొంత అవుతుంది. చిరిగిన పంచెలు పొత్తిగుడ్డలకి ఎంత బాగుంటాయో పురుడు పోసిన ఇళ్ళలో అడగండి. సిల్కని పేరు పెట్టి అమ్మే పాలిస్టరు రకాలు ఎందుకూ పనికిరావు, చెమట కూడా పీల్చవు. అవి స్టీలు సామాన్ల బండికి వెయ్యొచ్చు. భోగిమంటలో మాత్రం వెయ్యకండి. కరిగి కారుతుంది, ఆ పొగ పక్కన నిలబడ్డ పసిపిల్లలకి మంచిది కాదు. భోగికి పాతవి వదిలించుకోవాలన్న ఆచారం పెట్టినప్పుడు ఇళ్ళలో ఉన్నది నూలూ చెక్కా. జరీ ఉన్న పట్టుచీర తీసేయదలిస్తే వీధిలో మైకు పెట్టుకుని వచ్చేవాళ్ళకి తొందరపడి ఇవ్వకండి. పాత జరీలో వెండి ఉంటుంది, వాళ్ళు వచ్చేది దాని కోసమే. రెండు మూడు చోట్ల ధర అడిగి ఇవ్వండి.

సర్దడం ఎలా అంటే, నేను చీరల దగ్గర మొదలుపెట్టలేదు, జాకెట్ల దగ్గర మొదలుపెట్టాను. ఆడవాళ్ళ బీరువాలో కట్టని చీరల్లో సగానికి సగం జాకెట్టు పట్టక కట్టనివే. చీర పాతబడి కాదు. ఒక మధ్యాహ్నం తలుపేసుకుని అన్నీ వేసి చూశాను. లోపలి కుట్టు విప్పితే సరిపోయేవి పదకొండు తేలాయి. పదకొండు చీరలు కొత్తగా కొన్నట్టయింది. ఎంత విప్పినా పట్టనివి ఏడు. వాటి చీరలకి నల్లవీ, బంగారు రంగువీ రెండే జాకెట్లు కుట్టించాను, ఏడింటికీ సరిపోతున్నాయి. ఈ పని అయ్యేవరకూ ఒక్క చీరైనా తీసెయ్యకండి.

తర్వాత చెమ్మ. మన గాలి వేరు. రాయలసీమలో మా వదిన బీరువా ఇరగ్గా నింపినా ఆవిడ బట్టలకి ఏమీ కాదు. ఇక్కడ రెండు వైపులా ఏరు, చుట్టూ కొబ్బరితోట, ముసురు పడితే దండెం మీద లుంగీ మూడు రోజులకి కూడా ఆరదు. కిక్కిరిసిన బీరువాలో బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. అసలైన జరీ అంటే దారం మీద చుట్టిన వెండి తీగ, పైన బంగారు పూత. చెమ్మ తగిలితే ఆ వెండి నల్లబడుతుంది. అందుకని పట్టుచీరల్ని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి పాత తెల్ల నూలు పంచె ముక్కల్లో చుట్టాను. కలరా ఉండలు చిన్న గుడ్డసంచిలో కట్టి మూలన పెట్టాను, జరీకి తగలకూడదు. పసిపిల్లల బట్టల దగ్గర ఆ ఉండలు అసలు పెట్టకండి, అది వాళ్ళకి ప్రమాదం. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గరే పట్టు చిట్లుతుంది. గాలికి వెయ్యడానికి మంచి రోజులు సంక్రాంతి వెళ్ళాక, మాఘంలో. అప్పటికి తుపాన్ల భయం పోతుంది, ఎండలు ముదరవు. నీడపట్టున, పొద్దుటిపూట వేస్తే చాలు. బరువైన జరీ చీరని హ్యాంగరుకి వేలాడదీయడం ఈమధ్య ఫ్యాషనైంది. నాకది నచ్చదు. బరువంతా ఒక్క మడత మీదే పడుతుంది.

మధుపర్కాలు ఇప్పుడు అన్నిటికన్నా పై అరలో ఉన్నాయి. వాటి పక్కన అమ్మ పెట్టిన ఉప్పాడ చీర, పిల్లల నామకరణం నాటి గౌన్లు, ఇంటి కాగితాల సంచి. రోజూ కట్టేవి మధ్య అరల్లో, అరచెయ్యి దూరేంత సందు ఉంచి సర్దాను. కింది అరలో తడిసినా పోయినా పర్వాలేదనుకునేవి తప్ప ఏమీ లేవు. ఇప్పుడైతే రెండు దుప్పట్లూ ఒక టార్పాలిన్ ఉన్నాయి. బీరువా కూడా ఇటుకలు తీసేసి సిమెంటు దిమ్మ మీదికి ఎక్కించాం.

మీ ఇల్లు ఏటిగట్టుకి లోపలో (అంటే ఏటివైపో) బయటో మీరు రాయలేదు. లోపలైతే ముందు ఈ ఆదివారమే కింది అర ఖాళీ చెయ్యండి. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అన్నది వానాకాలం వెళ్ళాక తీరిగ్గా చూసుకోవచ్చు.