హిట్లర్ పేరు ఎత్తే ముందు తేదీ చూడు

బరంపురం

చిరంజీవికి,

ఇవాళ్టి ఒక నాయకుణ్ణి హిట్లర్‌తో పోల్చిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కోపం నిజమైనదే. వాక్యం కూడా తడబడకుండా నడిచింది. కానీ ఏడు పేజీల్లో హిట్లర్ పేరు పద్దెనిమిది చోట్ల వచ్చింది, ఒక్క చోట కూడా సంవత్సరం లేదు. ఇది ఆవు వ్యాసం పద్ధతి. పిల్లాణ్ణి రైలు గురించి రాయమన్నా, సముద్రం గురించి రాయమన్నా చివరికి తనకి వచ్చిన ఆవు దగ్గరికే చేరుకుంటాడు కదా, మన రాజకీయ వ్యాసాల్లో ఆ ఆవు చోటు హిట్లర్‌ది. గట్టిగా మాట్లాడే హెడ్మాస్టరు హిట్లర్, అవతలి పార్టీ ఏం చెప్పినా గోబెల్స్ ప్రచారం. ఆ మాటలు విని ఉలిక్కిపడే పాఠకుడు ఇప్పుడు ఎవడూ లేడు.

నాకు తెలిసిన కిటుకు ఒక్కటే. మనిషిని మనిషితో పోల్చకు, సంవత్సరాన్ని సంవత్సరంతో పోల్చు. హిట్లర్ అనగానే చదివేవాడి కళ్ళ ముందుకొచ్చేది 1942. గ్యాస్ గదులు, 60 లక్షల మంది యూదుల చావు. నువ్వు చెప్పదలచుకున్నది బహుశా 1931 గురించో, 1933 మార్చి గురించో. తేదీ వెయ్యకపోతే ఆ నాయకుడి అభిమాని "మరి గ్యాస్ గదులు ఎక్కడున్నాయి బాబూ?" అని ఒక్క మాట అడిగి నిన్ను కూర్చోబెడతాడు. అతను అడిగింది న్యాయమే.

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గియ్యి. ఎడమవైపు జర్మనీ: 1923 నవంబర్ మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు విఫలం. 1928 మే ఎన్నికల్లో నాజీ పార్టీకి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. 1930 సెప్టెంబర్‌లో 18.3 శాతం, 107 సీట్లు. 1932 జులైలో 37 శాతం పైచిలుకు, 230 సీట్లు. అదే ఏడు నవంబర్‌లో 33.1 శాతానికి దిగి 196 సీట్లు. 1933 జనవరి 30న హిట్లర్‌కి ఛాన్సలర్ పదవి, అంటే మన ప్రధానమంత్రి లాంటిది. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే పౌరహక్కులు ఎత్తేసిన ఆర్డినెన్సు. మార్చి 23న పార్లమెంటు తన అధికారాన్ని మంత్రివర్గానికి ధారపోసిన చట్టం. మే 2న కార్మిక సంఘాల స్వాధీనం. జులై 14న మిగతా పార్టీలన్నిటి మీదా నిషేధం. 1934 ఆగస్టు 2న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చనిపోగానే అధ్యక్ష పదవి కూడా హిట్లర్ చేతికి. కుడివైపు నీ నాయకుడి తేదీలు వెయ్యి. అందులో ఖాళీలు మిగులుతాయి. వాటిని విశేషణాలతో నింపకు, అలాగే ఉంచు. వ్యాసంలో రాయాల్సింది చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఈ కాగితం నీ ముందుండి ఉంటే రెండో పేజీలో ఆ పొరపాటు జరిగేది కాదు. బండెడు నోట్లు తీసుకెళ్తే రొట్టె దొరికిన రోజులే హిట్లర్‌ని గద్దె మీద కూర్చోబెట్టాయని రాశావు. డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు పలికింది 1923 నవంబర్‌లో. ఆ తర్వాత నాలుగున్నరేళ్ళకి జరిగిన ఎన్నికల్లో నాజీలకి వచ్చింది 2.6 శాతమే. వాళ్ళని పైకి తోసింది 1929 తర్వాతి మాంద్యం, దాని మీద అప్పటి ఛాన్సలర్ బ్రూనింగ్ ప్రభుత్వం జీతాలు కోసి, ఖర్చులు కోసి పోసిన ఆజ్యం. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. రెండింటి మధ్యా కొన్నేళ్ళ ఎడం ఉంది, ధరలు ఆకాశానికంటడం వేరు, ఉపాధి పాతాళానికి పోవడం వేరు.

అక్కడి నుంచి నువ్వు సూరత్‌కి దూకావు. గంజాం కుర్రాళ్ళు మగ్గాల పనికి రైలెక్కుతున్నారు, కాబట్టి మన దగ్గరా నాజీలు పుడతారు అన్నావు. జర్మనీలో పని పోయినవాళ్ళు ఎక్కువగా మొగ్గింది కమ్యూనిస్టుల వైపు. నాజీలకి గంపగుత్తగా ఓట్లు పడ్డది అప్పుల్లో మునిగిన ప్రొటెస్టెంట్ పల్లెల్లో. ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో 1932 జులైలో సగానికి మించి వాళ్ళకే పడ్డాయి. ఆకలికీ ఓటుకీ మధ్య కులం, మతం, అప్పు, స్థానిక పెద్దమనిషి ఉంటారు. ఈ సంగతి మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు, నువ్వూ మరిచిపోకు.

"ప్రజలే ఎన్నుకున్నారు" అన్న వాక్యం కొట్టెయ్యి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికల్లోనూ ఆ పార్టీకి సగం ఓట్లు రాలేదు. వీధుల్లో సొంత దళాలు తిరుగుతుండగా, కమ్యూనిస్టు నాయకుల్ని జైల్లో వేసి జరిపిన 1933 మార్చి 5 ఎన్నికల్లో కూడా 43.9 శాతమే. హిట్లర్‌ని కూర్చోబెట్టింది హిండెన్‌బర్గ్, ఆయనకి నచ్చజెప్పింది మాజీ ఛాన్సలర్ పాపెన్. మొదటి మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, చుట్టూ మేమున్నాం, మూలకి నెట్టేస్తాం అని పాపెన్ ధీమా. అప్పటికే నాలుగు నెలల్లో ఆ పార్టీ 34 సీట్లు పోగొట్టుకుని, చేతిలో డబ్బు లేక వడలిపోతోంది. నీ వ్యాసంలో అసలు లేనివాళ్ళు వీళ్ళే. తలుపు తీసినవాడు, గొళ్ళెం పట్టుకున్నవాడు, చూసి ఊరుకున్న జడ్జి. నాయకుడి మీసం, ఉపన్యాసంలో చెయ్యెత్తే తీరు నాలుగు పేరాలు రాశావు. అవి తీసేసి ఆ జాగా వీళ్ళకివ్వు.

ఒక వ్యాసానికి ఒక వ్యవస్థ చాలు. పోలీసు అనుకో. అప్పుడు అడగాల్సిన ప్రశ్న సూటిగా ఉంటుంది: పార్టీ కర్ర పట్టుకున్నవాడికి ప్రభుత్వ పట్టీ దొరికిందా? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యానికి లక్ష మంది హద్దు పెట్టింది. 1932లో నాజీల గోధుమరంగు చొక్కాల దళంలోనే దాదాపు 4 లక్షల మంది. 1933 ఫిబ్రవరిలో హిట్లర్ మంత్రి గోరింగ్ ఆ దళాల నుంచీ, వాళ్ళ మిత్రుల నుంచీ దాదాపు 50 వేల మందికి సహాయక పోలీసులని చేతిపట్టీలు కట్టాడు. ముందురోజు దాకా వీధిలో కొట్టిన చెయ్యే మర్నాడు అరెస్టు చేసింది. నీ నాయకుడి దగ్గర అలాంటిది జరిగి ఉంటే జీవో నంబరుతో రాయి. జరగలేదా, జరగలేదనే రాయి.

పార్లమెంటు తీసుకుంటావా, మార్చి 23 చట్టం చాలు. ఆ చట్టానికి మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. కమ్యూనిస్టుల 81 మందినీ రానివ్వలేదు. సోషల్ డెమోక్రాట్లు 120 మందిలో కొందరు జైల్లో, కొందరు పరారీలో. చెప్పకుండా రానివాడు హాజరైనట్టే లెక్క అని సభ నియమం మార్చారు, కోరం విరగ్గొట్టే దారి కూడా మూసేశారు. హాల్లో దళం మనుషులు కాపలా. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. క్యాథలిక్ సెంటర్ పార్టీ అవుననే వేసింది. కాగితం మీద చట్టం గడువు నాలుగేళ్ళే, తర్వాత పొడిగిస్తూ పోయారు.

ఇప్పుడు దీని పక్కన హంగేరీ 2020 మార్చి 30 పెట్టు. కరోనా పేరు మీద అప్పటి ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వానికి ఆర్డినెన్సులతో పాలించే అధికారం, 137 అవును, 53 కాదు, గడువు అసలు లేదు. గడువు సంగతిలో 1933 కంటే ఇదే అధ్వాన్నం అనిపిస్తుంది. కానీ ప్రతిపక్ష సభ్యులెవర్నీ జైల్లో పెట్టి ఆ ఓటు వెయ్యలేదు, సభలో తుపాకులు లేవు, జూన్‌లో ఆ చట్టం ఉపసంహరించారు. అయితే అలాంటి అధికారాలు మళ్ళీ తెచ్చుకునే వీలు మరో చట్టంలో పెట్టుకున్నారు. ఇదంతా రాస్తే పోలిక చిన్నదవుతుంది, కానీ ఎవడూ కదపలేడు.

మన ఎమర్జెన్సీకి కూడా ఇదే కొలత. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా. ప్రతిపక్ష ఎంపీలు జైల్లో ఉండగా రాజ్యాంగ సవరణలు ఆమోదించడం 1933కి దగ్గర. ఎన్నికలు పెట్టి, ఓడి, దిగిపోవడం దానికి ఆమడ దూరం. 2018 జూన్‌లో అరుణ్ జైట్లీ ఇందిరాగాంధీని హిట్లర్‌తో పోల్చి రాసినప్పుడు రాజ్యాంగాన్ని రద్దు చెయ్యకుండానే నియంతృత్వం తెచ్చారన్న సామ్యం పట్టుకున్నారు, ఆ ముక్క గట్టిది. దిగిపోవడం కూడా అంతే బరువుతో తూచాలి. ఇంకో మాట: 1978లో 44వ సవరణ తెచ్చి, "ఆంతరంగిక కల్లోలం" అన్న కారణం తీసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు, 20, 21 అధికరణాల్ని ఎమర్జెన్సీలో కూడా ముట్టుకోకూడదన్నారు. హిట్లర్‌కి ముందటి జర్మనీది వైమార్ రాజ్యాంగం, అందులో అధ్యక్షుడికి అత్యవసర అధికారాలిచ్చిన 48వ అధికరణానికి అలాంటి మరమ్మతు ఎవరూ చెయ్యలేదు. ఇవాళ్టి నాయకుణ్ణి 1933తో పోల్చేవాడు ఈ గొళ్ళెం ఇంకా ఉందా, ఊడిందా చూసి రాయాలి.

తేదీ మారితే మాట మార్చుకోవడంలో తప్పులేదు. ఫాసిజం మీద జీవితమంతా పనిచేసిన ఒక అమెరికా చరిత్రకారుడు ట్రంప్‌కి ఆ మాట వాడనని ఏళ్ళ తరబడి పట్టుబట్టి, 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి చూశాక ఒప్పుకున్నాడు. దానికి తిరగేసి జె.డి. వాన్స్. 2016లో ట్రంప్ అమెరికా హిట్లర్ అవుతాడా అని స్నేహితుడికి రాసిన మనిషి, ఇప్పుడు అదే ట్రంప్ దగ్గర ఉపాధ్యక్షుడు. మొదటాయన మాట ఒక సంఘటనకి కట్టి ఉంది. రెండో ఆయనది దేనికీ కట్టిలేదు. 2022లో ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపుతూ పుతిన్ చెప్పిన కారణం కూడా నాజీల్ని ఏరెయ్యడమే అని గుర్తుపెట్టుకో. ఈ మాటతో యుద్ధం కూడా చెయ్యొచ్చు.

ఇక నీ చివరి పేజీ. దుకాణం బోర్డు ఏ భాషలో ఉండాలన్న గొడవలో వార్డు స్థాయి నాయకుణ్ణి నాజీ అన్నావు. మనం 1936 ఏప్రిల్ 1న ఒడిశాని వేరు రాష్ట్రం చేస్తూ గీసిన గీతకి ఇవతల ఉండిపోయినవాళ్ళం, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఆ మంట నాకూ తెలుసు. కానీ ఆ మాట అక్కడ నిలవదు. నిలిచే పోలిక కావాలంటే అప్పర్ సైలీషియా చదువు. అదీ రెండు భాషల సరిహద్దే, జర్మన్, పోలిష్. 1921 మార్చి 20న జనాభిప్రాయ సేకరణ జరిగితే 60 శాతం దాకా జర్మనీ వైపు వేశారు, అయినా ప్రాంతాన్ని రెండు ముక్కలు చేశారు. 1922 మే 15న రెండు దేశాలూ జెనీవాలో 606 అధికరణాల ఒప్పందం రాసుకున్నాయి, అల్పసంఖ్యాకుల హక్కులకి 15 ఏళ్ళ హామీతో. పోలండ్ వైపు పడ్డ జర్మన్లకి రక్షణ కావాలని జర్మనీ పట్టుబట్టి రాయించుకున్న కాగితం అది. 1933లో ఫ్రాంజ్ బెర్న్‌హైమ్ అనే యూదు ఉద్యోగిని ఆ ప్రాంతంలోనే జర్మనీ వైపున్న గ్లైవిట్స్‌లో దుకాణం కొలువులోంచి తీసేస్తే, ఆయన ఈ ఒప్పందం పట్టుకుని నానాజాతి సమితికి అర్జీ పెట్టాడు. కింది అధికారుల పొరపాటు అని జర్మనీ సర్దుకుంది. అక్కడ, ఆ ఒక్క ప్రాంతం వరకు, యూదు వ్యతిరేక చట్టాలు ఆగిపోయాయి. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు కూడా 1937 జులై 15న గడువు తీరేదాకా అక్కడికి రాలేదు. గడువు తీరగానే వచ్చాయి.

మన దగ్గర దానికి దీటైనవి 350ఏ, 350బీ అధికరణాలు. మాతృభాషలో ప్రాథమిక విద్య, భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి. 1956లో చేర్చారు, గడువు లేదు. మన వీధి బడిలో తెలుగు మాస్టారి పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కనుక్కుని దీని పక్కన రాయి. నాజీ అన్న మాట లేకుండానే ఆ పేజీ పైకి లేస్తుంది.

ఉల్లేఖనల సంగతి. "అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమవుతుంది" అని గోబెల్స్ అన్నట్టు ఆధారం లేదు. 1941లో అతను అలాంటి నింద ఇంగ్లీషువాళ్ళ మీద వేశాడు, పెద్ద అబద్ధం చెప్పి దాన్నే పట్టుకు వేలాడతారని. తీసెయ్యి. "మొదట వాళ్ళు కమ్యూనిస్టుల కోసం వచ్చారు" అన్నది నువ్వు రాసినట్టు జర్మన్ కవి బ్రెష్ట్‌ది కాదు, జర్మన్ పాస్టర్ నీమొల్లర్ 1946 నుంచి సభల్లో రకరకాలుగా చెప్పిన మాట. ఆయన మొదట్లో నాజీలకి ఓటేసినవాడు, 1937 నుంచి 1945 దాకా వాళ్ళ చెరలోనే ఉన్నాడు. అది తెలిశాక ఆ మాటకి ఉన్న నొప్పి వేరు.

నాజీ, ఫాసిస్టు, నియంత, మొండివాడు: నాలుగూ ఒకటే అన్నట్టు మార్చి మార్చి వాడావు, పునరుక్తి తప్పుతుందని. పునరుక్తే నయం. సైన్యాధికారి నియంత కావొచ్చు, వెనక జనోద్యమం లేకపోతే ఫాసిస్టు కాడు. జాతి రక్తం లెక్క లేనిదే నాజీ లేడు. ఎన్నికల్లో ఓటమిని మారణహోమం అనకు.

చట్టం వైపు కూడా చూసుకో. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. భాషల మధ్య వైరం రేపడం 196. "ఫలానా తేదీన ఫలానా ఉత్తర్వు ఇచ్చాడు" అన్న వాక్యాన్ని కాగితంతో నిలబెట్టుకోవచ్చు. "నాజీ" అన్న వాక్యానికి కోర్టులో చూపించే కాగితం ఏముంటుంది?

చిన్నవి రెండు. వాళ్ళ జెండా గుర్తుని నువ్వు స్వస్తిక్ అని మాత్రమే రాశావు. మన గడపల మీద పసుపుతో వేసేదీ అదే పేరు. జర్మన్లు దాన్ని కొక్కేల శిలువ అన్నారు, జెండాలో ఏటవాలుగా తిప్పి పెట్టారు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ తేడా అరవాక్యంలో చెప్పు. హిండెన్‌బర్గ్ పేరు మూడు రకాలుగా ఉంది, ఒకటి ఎంచుకో.

ఏడు పేజీలు నాలుగవ్వాలి. అందులో ఒక పేజీ నిండా తేడాలే ఉండాలి, అదీ రెండో పేజీలోనే రావాలి, చివర్లో దాచకు. హిట్లర్ పేరు ఐదుసార్లకి మించొద్దు. వచ్చిన ప్రతిసారీ పక్కన సంవత్సరం ఉండాలి. తిరగరాసిన ప్రతితోపాటు ఆ గీత గీసిన కాగితం కూడా పంపించు. ముందు దాన్నే చూస్తాను.

ఆశీస్సులతో.