“చాలా బాగుంది” అంటే ఎవరూ చదవరు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు రాసినవే ఎక్కువగా ఉన్నాయి. ఈ మధ్య చదివి ఆనందించిన కథనో, చూసి మెచ్చిన సినిమానో ఇంటివాళ్లకూ స్నేహితులకూ ఎలా అందించాలన్నదే వాటిలో చాలామంది అడిగిన సంగతి కనుక, కొన్నింటిని ఎంచి ఒక్కచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ ఇటీవల చదివాను. ఆ తరువాత చాలాసేపు మరో పని మీద మనసు నిలవలేదు. మా బడిలో తోటి ఉపాధ్యాయులకూ, మా వదినకూ, పక్కింటి పిన్నిగారికీ “అద్భుతమైన కథ, తప్పక చదవండి” అని చెప్పి పుస్తకం చేతికిచ్చాను. ఒక్కరూ చదవలేదు. పుస్తకం మాత్రం అందరి ఇళ్లూ తిరిగి భద్రంగా నా దగ్గరికే వచ్చింది. లోపం నా మాటలో ఉందా, వాళ్ల ఓపికలో ఉందా?
(ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి)

జవాబు: మీ మాటలోనే ఉందనుకుంటాను, నొచ్చుకోకండి. అద్భుతం, అమోఘం, తప్పక చదవాలి అన్న మాటలు విన్నవారికి మీరు సంతోషించారన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. అందులో ఏముందో తెలియదు. పెళ్లి భోజనానికి వెళ్లొచ్చినవాడు వంటలన్నీ భేషుగ్గా ఉన్నాయంటే ఎవరికీ నోరూరదు గాని, పనసపొట్టు కూరలో ఆవ ఘాటుగా పెట్టారని చెబితే వింటున్నవాళ్లు గుటకలు వేస్తారు. మీ వదినగారికి మీరు ఆ ఆవ సంగతి చెప్పలేదు.

‘యజ్ఞం’లో చెప్పడానికి అలాంటివి ఎన్ని లేవు! సుందరపాలెం అనే ఊరు. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మంచి చేసినవాడు, నలుగురూ గౌరవించేవాడు. అప్పల్రాముడు తీర్చలేని అప్పు మీద ఆయన ఎదుట పంచాయితీ జరుగుతుంది. కథలో పెద్ద భాగం ఆ పంచాయితీయే. అక్కడ మాట్లాడినవాళ్లలో ఎవరి మాట విన్నా న్యాయంగానే ఉన్నట్టు తోస్తుంది, అంతా న్యాయంగానే మాట్లాడుతుంటే ఒక కుటుంబం మెడకు ఉరి ఎలా బిగుస్తోందో చదివేవారికి వెంటనే అంతుపట్టదు. నా మట్టుకు ఆ కథలో నన్ను పట్టి ఉంచినది అందరూ చెప్పుకొనే ముగింపు కంటే, ఆ తగవు నడిచే తీరు. మీ తోటి ఉపాధ్యాయులకు పుస్తకం ఇచ్చే ముందు ఒక ప్రశ్న వేసి చూడండి: “అప్పు చేసిన మాట నిజమని అప్పు చేసినవాడే ఒప్పుకుంటున్నాడు, తీర్చమనడం ధర్మమని ఊరంతా అంటోంది, మరి అన్యాయం ఎక్కడ జరిగినట్టు?” ఆ ప్రశ్న మీద భోజన విరామం గడిచిపోతే, సాయంత్రానికి పుస్తకం ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

మరొక ఉపాయం కూడా ఉంది, అది మీ ఊరికే ప్రత్యేకంగా కలిసివచ్చేది. ఈ కథలోని మాట తీరు మీకు పొరుగునే ఉన్న శ్రీకాకుళం జిల్లాది. పాతపట్నం దాటి వచ్చే బంధువుల నోట మీ ఇంట్లో రోజూ వినబడేదే. మీ పక్కింటి పిన్నిగారికి పుస్తకం ఇచ్చి రావడం మానేసి, ఆవిడ బియ్యం ఏరుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని అప్పల్రాముడు మాట్లాడే భాగం పైకి చదివి వినిపించండి. అచ్చులో చూస్తే కష్టమనిపించే యాస చెవిని పడితే మన వీధి మనిషి గొంతులాగే ఉంటుంది. వాడుక భాషలో రాయాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే కదా. ఆయన పోరాటానికి ఫలం ఏమిటో పిన్నిగారికి వేరే వివరించనక్కరలేదు, ఒక పేజీ వింటే చాలు.

ప్రశ్న: మా తమ్ముడు ఒడియా మాధ్యమంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, కొత్త తెలుగు సినిమా ఏది వచ్చినా వదలడు, కాని తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాదు. నేను చదివి ఆనందించే కథలు వాడికి అందేదెలా?
(ఒక డిగ్రీ విద్యార్థిని, బరంపురం)

జవాబు: అక్షరాలు వచ్చేదాకా కథలు ఆపవద్దు. ముందు కథ చెవిన వేయండి, అక్షరాల సంగతి ఆ తరువాత చూడవచ్చు. గుండ్రటి ఒడియా లిపి రాసే చేతికి తెలుగు అక్షరాలు అంత కొత్తగా ఉండవు. మనసు పడితే ఒక వేసవి సెలవులలో పట్టుబడతాయి. మనసు పడేట్టు చేయడమే అసలు పని.

మొదట గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ చదివి వినిపించండి. 1910లో అచ్చయిన కథ అని గాని, తెలుగు కథానికకు దారి చూపిన కథ అని గాని ముందుగా చెప్పారో, వాడికి అది పాఠంలా వినబడి లేచి వెళ్లిపోతాడు. అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చి తలుపు కొట్టే భర్త, లోపల కనబడని భార్య, బల్ల మీద ఒక ఉత్తరం. సినిమాలు తెగ చూసే పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ఉత్తరం చదివే చోట కాస్త అభినయం అవసరం. ‘ప్రియుడా’ అని ఉండవలసిన చోట ‘అయ్యా’ అని ఉండడం చూసి గోపాలరావు గతుక్కుమంటాడు. అక్కడి నుంచి ఒక్కొక్క వాక్యానికీ అతడు తనలో తాను సణుగుకోవడమూ, నౌకరు రాముడి మీద విసుక్కోవడమూ నడుస్తాయి. ఉత్తరం మీరు చదివి, గోపాలరావు సణుగుడు వాడి చేత చెప్పించండి. కథ చిన్నది, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. ముగింపుకు నాలుగైదు వాక్యాల ముందు ఆపి “మిగిలింది రేపు” అనగలిగితే మరీ మంచిది. అక్కగా ఆమాత్రం అల్లరి చేసే హక్కు మీకుంది.

ఇక మీ కోసం ఒక మాట. మీ బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారి ‘అతడు–ఆమె’ నవల మీరు చదివి ఉండకపోతే సంపాదించండి. ఆయన వృక్షశాస్త్రం చదువుకున్నవారు. మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చినవారు. డైరీల రూపంలో సాగే ఆ నవలలో ఒకే సంఘటన అతడి రాతలో ఒకలాగా, ఆమె రాతలో మరొకలాగా కనబడుతుంటే, ఎవరిని నమ్మాలా అని మనం పేజీలు వెనక్కి తిప్పుకొంటూ ఉంటాం. నిడివి ఎక్కువ. మధ్యలో రాజకీయ చర్చలు కొన్నిచోట్ల సాగదీసినట్టు ఉంటాయని కూడా ముందే చెబుతున్నాను. అయినా అందులోని ఆమె నన్ను విడిచిపెట్టలేదు. మీ తమ్ముడికి అది ఇప్పుడే వద్దు.

ప్రశ్న: మా తోటికోడలితో పెద్ద చిక్కు వచ్చింది. ఏ సినిమా చూసినా పొంగిపోయి, వంటింట్లో అడుగు పెట్టేలోగా మొదటి నుంచి చివరి దాకా కథ అప్పజెప్పేస్తుంది. ఆవిడ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది, ఆపమంటే చిన్నబుచ్చుకుంటుంది. మొన్న ‘కేరాఫ్ కంచరపాలెం’ గురించి మొదలుపెడితే చెవులు మూసుకున్నాను. ఏం చేయమంటారు?
(ఒక గృహిణి, గుణుపురం)

జవాబు: చెవులు మూసుకుని మంచి పని చేశారు. 2018లో వెంకటేశ్ మహా దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమా చివర్లో ఒక సంగతి బయటపడుతుంది. అది ముందే తెలిసిపోతే మొదటిసారి చూసేటప్పుడు కలగవలసిన ఆశ్చర్యం తిరిగి ఎక్కడా దొరకదు. కనుక నేనూ దాని జోలికి పోను.

అయితే ఆవిడను ఆపకండి, ప్రశ్న మార్చండి. “తరువాత ఏమైంది?” అని అడిగితే కథ చెబుతారు. “నీకు ఎవరు నచ్చారు?” అని అడిగితే మనిషిని గురించి చెబుతారు. ఆ సినిమాలో మనుషుల గురించి ఎంత చెప్పినా కథ బయటపడదు. విశాఖలోని కంచరపాలెం వాసులనే, ముందెప్పుడూ కెమెరా ముందు నిలబడని వాళ్లనే ఎక్కువగా తీసుకుని తీసిన సినిమా అది. మద్యం కొట్లో పని చేసే గడ్డం అనే కుర్రాడు రోజూ సీసా కొనుక్కోవడానికి వచ్చే సలీమా ముఖం చూడనే లేదు, ముసుగు వెనుక కళ్లు మాత్రమే చూశాడు. ఆ కళ్ల కోసం అతడు ఎదురుచూసే తీరు చెప్పమనండి. పెళ్లి కాకుండానే యాభైకి దగ్గరపడిన అటెండరు రాజు, ఆయన పని చేసే ఆఫీసుకు అధికారిగా వచ్చిన రాధ గారు కూడా ఉన్నారు. ఆవిడ మీ ఒడిశా నుంచి వచ్చిన మనిషే. ఒడియా వాసన తగిలే తెలుగు ఆవిడ నోట వింటుంటే గుణుపురంలో మీకు తెలిసిన వాళ్లెవరో గుర్తుకు రాక మానరు. ఇంత విన్నాక సినిమా చూడకుండా మీరు ఉండలేరు, తోటికోడలికి చెప్పిన తృప్తీ మిగులుతుంది.

ప్రశ్న: నాకు ప్రాణంలా నచ్చిన సినిమా చూస్తూ మా ఆయన గురక పెట్టారు. ఇది సహించవలసిందేనా?
(రాయగడ)

జవాబు: గురక విమర్శ కాదు, పగలంతా చేసిన పని బడలిక కావచ్చు. ఆదివారం పొద్దున్న ఇంకొకసారి పెట్టి చూడండి. అప్పుడూ నిద్రపోతే ఆయనకు నచ్చలేదని ఒప్పుకుని, మీ చెల్లెలితో కలిసి చూడండి. కట్టుకున్నవారికి అన్నీ నచ్చి తీరాలన్న నియమం ఏమీ లేదు.

ప్రశ్న: మా కార్యాలయంలో ఒడియా స్నేహితుడొకాయన గోపీనాథ్ మహాంతి ‘పరజా’ గురించి నెల రోజులుగా ఊదరగొడుతూ, చివరకు తన ప్రతి నాకు ఇచ్చాడు. మెల్లగా చదువుతున్నాను, నిజంగానే గొప్పగా ఉంది. బదులుగా ఆయనకు నేను తెలుగు నుంచి ఏమివ్వాలి? ఆయనకు తెలుగు మాటలు కొన్ని తెలుసు, చదవడం రాదు.
(ఒక ప్రభుత్వోద్యోగి, జయపురం)

జవాబు: మీ స్నేహితుడి ఎంపిక చాలా సరైనది. 1945లో వచ్చిన ‘పరజా’ మీ కోరాపుట్ కొండలలో జరిగే కథ. ఆ ప్రాంతంలో ప్రభుత్వాధికారిగా పని చేసిన మహాంతి గారు దగ్గర నుంచి చూసి రాసినది. ఆయనకు 1973లో జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది గాని, అది వేరే నవలకు. అడవిలో చెట్లు కొట్టాడన్న నేరానికి సుక్రు జానీకి జరిమానా పడుతుంది. అది కట్టడానికి షావుకారు దగ్గర అప్పు చేస్తాడు. ఆ అప్పు తీరడానికి ‘గోతి’గా, అంటే వెట్టి మనిషిగా మారతాడు. ఆ వెనుకే కొడుకులూ పొలమూ అన్నీ ఒకదాని తరువాత ఒకటిగా షావుకారు చేతికి చిక్కుతాయి. జరిమానా ఎంత చిన్న కారణంతో మొదలైందో గుర్తుపెట్టుకుని చదవండి. అటవీ ఉద్యోగి కన్ను సుక్రు కూతురి మీద పడకపోయి ఉంటే ఇవేవీ జరగవు. కాగితం మీద నేరం చెట్లది, నిజంలో సంగతి వేరు.

ఇంత చెప్పాక బదులు ఏమివ్వాలో మీకే తోచి ఉంటుంది. పై ఉత్తరంలో పర్లాకిమిడి టీచరుగారు చెప్పిన ‘యజ్ఞం’ ఇవ్వండి. అదీ అప్పు కథే, అయితే అక్కడ అప్పు అడిగేవాడు క్రూరుడైన షావుకారులా కనబడడు, ఊరు ఊరంతా ధర్మం మాట్లాడుతూ అడుగుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుంటే మీకూ మీ స్నేహితుడికీ చాలా సాయంత్రాలు గడిచిపోతాయి. 1902లో పుస్తకంగా వచ్చిన ఫకీర్‌మోహన్ సేనాపతి గారి ఒడియా నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ను కూడా ఆయన తప్పకుండా మధ్యలోకి లాగుతారు, లాగనివ్వండి. భూమి పోగొట్టుకున్న సాలె దంపతుల కథ ఆ చర్చకు బాగా అతుకుతుంది.

ఆయనకు చదవడం రాదు కనుక మీరే ఒడియాలో చెప్పాలి. కథనంతా అనువదించబోకండి, అది పెద్ద పని, మధ్యలో వదిలేస్తారు. పంచాయితీ ఒక్కటీ తీసుకుని, ఎవరు ఏమన్నారో వరుసగా మీ మాటల్లో చెప్పండి. మధ్యలో ఆయన “అదెలా కుదురుతుంది?” అని అడ్డు తగిలితే మీరు సరిగానే చెబుతున్నారని లెక్క. కాస్త తేలికైనది కావాలనుకుంటే ‘కంచరపాలెం’ కలిసి చూడండి. రాధ గారు తెర మీదికి వచ్చినప్పుడు ఆయన మీ కంటే ముందు నవ్వుతారు.

ప్రశ్న: మా ఊళ్లో తెలుగు పుస్తకాల దుకాణం లేదు. పైన మీరు చెప్పే పాత కథలు ఎక్కడ చూడగలం?
(కాశీనగర్)

జవాబు: శ్రీకాకుళంలోని కథానిలయానికి ఒకసారి వెళ్లి రండి. కాళీపట్నం రామారావు గారు 1997లో ప్రారంభించిన ఆ గ్రంథాలయం తెలుగు కథలను, అవి మొదట అచ్చయిన పాత పత్రికలతో సహా, సేకరించి భద్రపరుస్తోంది. పర్లాకిమిడి మీదుగా బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. మీకు కావలసిన కథ పేరూ, రచయిత పేరూ ముందే కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. అక్కడి అరలు చూశాక ఏం అడగాలని వచ్చామో మరచిపోయేవాళ్లే ఎక్కువ.