గుంజీల దగ్గర ఆగి రాయి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

వ్యోమగాముల ఆరోగ్యం మీద నువ్వు రాసింది చదివాను. పర్లాకిమిడిలో ఒడియా మీడియం చదువుతూ, తెలుగు ఇంట్లోనే నేర్చుకున్న పిల్లల కోసమన్నావు. అందుకే ‘అస్థి సాంద్రతా క్షీణత’ కొట్టేశాను. ఎముక గుల్లబారుతుంది అను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఆ మాటకు జంకకమ్మా.

‘అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు’ అన్నది తప్పు. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఇక్కడి ఆకర్షణలో సుమారు తొంభై శాతం ఉంటుంది. అంతరిక్ష కేంద్రమూ అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలియదు. కాళ్లకు మోసే పని పోతుంది. కసరత్తు చేయకపోతే తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తరుగుతుంది. ఆ కాల్షియం మూత్రంలోకి దిగి కిడ్నీలో రాళ్లు కట్టే భయం. ‘నీళ్లు బాగా తాగుతారు’ అని ఊరుకున్నావు, ఈ లంకె చెప్పలేదు.

‘డంబెల్స్ ఎత్తుతారు’ తీసెయ్. బరువే తెలియని చోట డంబెల్ ఎత్తితే ఏం లాభం? 2008లో అంతరిక్ష కేంద్రానికి పంపిన కసరత్తు యంత్రంలో గాలి తీసేసిన రెండు సిలిండర్లుంటాయి. కడ్డీ లాగితే పిస్టన్ ఆ శూన్యానికి ఎదురు కదలాలి, అదే బరువు. 272 కిలోల దాకా పెట్టొచ్చు. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు పదకొండు అని రాయి, మన సంతలో పిల్లలకు కళ్లకు కడుతుంది. ఇక గుంజీలు: ఇక్కడ తీసేటప్పుడు మన ఒళ్లు కూడా లేపుతాం. అక్కడ ఒంటికి బరువు తెలియదు కనుక ఇక్కడి ఒంటి బరువులో చాలా భాగం కడ్డీ మీదే కలపాలి. అసలు కిటుకు ఇదే, ఒక పేరా ఇవ్వు.

ట్రెడ్‌మిల్ మీద పట్టీలు, సాగే తాళ్లు కట్టి మనిషిని కిందికి లాగిపెడతారు. పూర్తి బరువుతో లాగితే భుజాలు, నడుము ఒరుసుకుంటాయి. చెమట కారదు, ఒంటికి ముద్దగా అంటుకుంటుంది, తువ్వాలుతో అద్దుకోవాలి. మొత్తం కసరత్తుకు, సర్దుకోవడంతో కలిపి, రోజుకు రెండున్నర గంటలు. అక్కడి కసరత్తు సైకిల్‌కు సీటుండదు, అదొక్క వాక్యం చాలు.

నీ వ్యాసం నేల తాకగానే ఆగింది. దిగే ముందు ఉప్పు, నీళ్లు ఎక్కువ తీసుకుంటారు. లేకపోతే నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. అది కలిపి మళ్లీ పంపు.