పాస్‌పోర్టు డిక్కీలో పెట్టకండి

ప్రయాణాల మీద ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగితే ఊటీ, కొడైకెనాల్ గురించి వస్తాయనుకున్నాను. మనవాళ్లు ఏకంగా దేశాలు దాటే బస్సుల మీద పడ్డారు. వచ్చినవాటిలో మూడు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: మా వీధి వాళ్లం పన్నెండు మందిమి నేపాల్లో ఉన్న ముక్తినాథ్ గుడికి పోవాలనుకుంటున్నాం. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి ట్రావెల్స్ బస్సు. నాకు 67 ఏళ్లు, మా చెల్లెలికి 61. ఇద్దరికీ పాస్‌పోర్టు లేదు. ఆధార్ ఉంటే చాలంటున్నాడు మమ్మల్ని తీసుకెళ్లే ఆయన. ఆగస్టులో అయితే రేటు తగ్గిస్తాడట. పోవచ్చునా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

అమ్మా, ఆధార్ మీకు చాలు, మీ చెల్లెలికి చాలదు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు కానీ గుర్తింపు కార్డు విషయంలో ఒక మెలిక ఉంది. 65 దాటినవాళ్లకూ 15 లోపు పిల్లలకూ ఆధార్, పాన్ లాంటి ఫొటో ఉన్న కార్డు ఏదైనా సరిపోతుంది. 15కీ 65కీ మధ్య ఉన్నవాళ్లకు మాత్రం పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉండాలి. అందుకని మీ చెల్లెలి ఓటరు కార్డు ఏ బీరువాలో ఉందో ఇప్పుడే వెతికించండి. జిరాక్సు కాదు, ఒరిజినల్. సరిహద్దులో ఎవరూ అడగలేదని చెప్పేవాళ్లు మీకు పదిమంది దొరుకుతారు, నిజంగానే చాలాసార్లు అడగరు, కానీ అడిగిన రోజు పదకొండు మంది లోపలికి పోయి ఒక్క మనిషి సరిహద్దు ఊరు సోనౌలీలో కూర్చుంటే ఆ యాత్ర ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

సోనౌలీ దగ్గర ఎక్కువసేపు ఆగేది మనుషులు కాదు, బస్సు. మన బండి నేపాల్లో తిరగాలంటే అక్కడి కస్టమ్స్ వాళ్ల దగ్గర రోజుల లెక్కన డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవాలి, దాన్ని వాళ్లు భన్సార్ అంటారు. డ్రైవరు కాగితాలు పట్టుకొని కిటికీల చుట్టూ తిరిగేలోపు రెండు మూడు గంటలు గడిచిపోవచ్చు. ఆ డబ్బు ప్యాకేజీలోనే ఉందా, అక్కడికి పోయాక మనిషికింత అని వసూలు చేస్తాడా అనేది తిరుపతిలోనే తేల్చుకోండి.

చిన్న చిన్న సంగతులు కూడా చెప్తాను. వంద రూపాయల నోట్లు ఎక్కువ పెట్టుకోండి, మన వందకు వాళ్ల నూట అరవై వస్తాయి. రోమింగ్ వేయించకపోతే మన సిమ్ పనిచేయదు. నేపాల్ టైము మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుంది. సెల్‌ఫోన్ తనంతట తాను మార్చుకుంటుంది, చేతి గడియారం మార్చుకోదు కదా, ఆరుకు బస్సు అంటే ఎవరి ఆరు అని అడగండి. నవ్వకండి, మా గుంపులో ఒక పెద్దాయన కోసం లుంబినిలో బస్సు అంతా ఎదురుచూసింది.

ఇక ఆగస్టు మాట. వద్దమ్మా. రేటు తగ్గేది ఊరికే కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కొండచరియలు విరిగిపడే కాలం. 2024 జూలైలో నారాయణ్‌గఢ్–ముగ్లింగ్ రోడ్డు మీద చరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. కార్తీకంలో పోండి, లేదంటే మార్చి, ఏప్రిల్. పోఖరా దాకా మీ బస్సు వస్తుంది, ఆ పైన జోమ్‌సోమ్ మీదుగా జీపులూ, అక్కడి చిన్న బస్సులూ ఎక్కాల్సిందే. ఒకరోజు మొత్తం ఒళ్లు హూనమవుతుంది. గుడి 3,700 మీటర్ల పైన ఉంది, మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా ఉండదు, దీన్నిబట్టి చూసుకోండి. బీపీ, ఆయాసం ఉంటే డాక్టరును అడక్కుండా కదలొద్దు. 108 ధారల కింద తలంటుకోవాలని అందరికీ ఉంటుంది, ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే నేను నాలుగో ధార దగ్గరే గోవిందా అనేశాను. నూట ఎనిమిది విష్ణు దివ్యదేశాల్లో అది ఒకటి కాబట్టి మిగతా ధారలు స్వామే చూసుకున్నాడని సర్దిచెప్పుకున్నాను.

ప్రశ్న: మావాడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మమ్మల్ని పిలిపిస్తున్నాడు. విమానాలకు ఖర్చెక్కువ అని ప్రాగ్, వియన్నా, ప్యారిస్, చివర్లో లండన్, అన్నీ బస్సులోనే చూపిస్తానంటున్నాడు. బస్సు సముద్రం కింద పోతుందట! చెన్నైకి రాత్రి బస్సులో పోయి వచ్చినట్టే కదా, భయమేం లేదు కదా?
– ఒక తండ్రి, పలమనేరు

అన్నా, ముందు మీ వీసా స్టిక్కర్ తీసి చూడండి. షెంజెన్ వీసాతో, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసాతో, 29 దేశాలు తిరగొచ్చు, లండన్ అందులో లేదు. బ్రిటన్‌కు వేరే వీసా కావాలి, దానికి వేరే ఫీజు, వేరే వేలిముద్రలు, ఇక్కడి నుంచి బయల్దేరకముందే తీసుకోండి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది చూసుకోరు. స్టిక్కర్ మీద ఎన్నిసార్లు లోపలికి రావచ్చో రాసి ఉంటుంది. ఒకటి అని ఉంటే, మీరు ప్యారిస్ నుంచి లండన్ పోయారంటే ఆ వీసా అయిపోయినట్టే, మళ్లీ మ్యూనిక్‌కు రానివ్వరు. మీ తిరుగు విమానం మ్యూనిక్ నుంచే అయితే మల్టిపుల్ అని ఉండాలి. మీవాడిని ఈ ఒక్క మాట అడగండి, మిగతా ప్లానంతా తర్వాత.

సముద్రం కింద పోవడం నిజమే, కాకపోతే బస్సు నడుచుకుంటూ పోదు. ఫ్రాన్స్ ఒడ్డున కలే అనే ఊరి దగ్గర బస్సును ఒక రైలు పెట్టెలోకి ఎక్కిస్తారు, మీరు దాంతోనే ఉంటారు, ముప్పై అయిదు నిమిషాల్లో ఇంగ్లండ్‌లో తేలుతారు. కొన్ని బస్సులు ఓడ ఎక్కుతాయి. ఏదైనా సరే అందరినీ కిందికి దించుతారు, ఫ్రాన్స్ వాళ్ల చెకింగూ బ్రిటన్ వాళ్ల చెకింగూ రెండూ ఇవతలి ఒడ్డునే అయిపోతాయి. అర్ధరాత్రి రెండు గంటలకైనా సరే. లండన్‌లో ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్లు, తిరుగు టికెట్టు ఏది అని అడుగుతారు, ఆ కాగితాలు కొడుకు ఫోన్లో ఉన్నాయంటే కుదరదు, ప్రింట్లు తీసి మీ దగ్గరే పెట్టుకోండి.

ప్రాగ్, వియన్నా వైపు అయితే సరిహద్దు వచ్చినట్టే తెలియదు. మన నరహరిపేట చెక్‌పోస్టు దగ్గర ఉండేంత సందడి కూడా ఉండదు. అలా అని ధీమాగా ఉండకండి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, రాత్రిపూట పోలీసులు బస్సెక్కి పాస్‌పోర్టులు అడుగుతారు. నా సంగతి చెప్తాను. భద్రంగా ఉంటుందని పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బస్సు డిక్కీలో వేశాను. పోలీసాయన వచ్చి చెయ్యి చాపాడు. డ్రైవరు దిగి డిక్కీ తెరిచి, నలభై పెట్టెల కింద ఉన్న నా పెట్టె లాగేదాకా బస్సంతా నన్నే చూసింది. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి మెడలో సంచీ వేసుకొని నిద్రపోతాను, మా ఆవిడ దాన్ని తాయెత్తు అంటుంది.

చెన్నై బస్సుతో పోల్చారు కదా, అది మర్చిపోండి. స్లీపరు బెర్తులు ఆశించకండి, రాత్రంతా కూర్చునే పోవాలి, బెల్టు పెట్టుకోవాలి. అక్కడి చట్టం ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే నలభై అయిదు నిమిషాలు విశ్రాంతి తీసుకోవాల్సిందే, ఒకేసారో, రెండు ముక్కలుగానో. ఆగినప్పుడు దిగండి, కాళ్లు ఆడించండి, కానీ ఎన్ని గంటలకు కదుల్తుందో అడిగి దిగండి. టైమైతే పోతాడు. తలలు లెక్కపెట్టి, పక్కసీటు ఆయన ఏడీ అని అరిచే క్లీనరు అక్కడ ఉండడు. దిగేముందు బస్సు నంబరు ఫొటో తీసుకోండి, ఒకే రంగు బస్సులు అయిదారు వరసగా నిలబడి ఉంటాయి.

అమ్మగారికి ఒక మాట. నెయ్యి డబ్బా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టొద్దు, మాంసం, పాల సరుకులు బయటి నుంచి ఐరోపాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ, కందిపొడి గట్టిగా ప్యాక్ చేయించండి. రాత్రి బస్సులో మాత్రం ఆ మూత తీయకండి, అది చట్టం కాదు, నా మనవి.

ప్రశ్న: లండన్ నుంచి కలకత్తాకు బస్సు ఉండేదని మా తాత అంటాడు. కోతలే కదా సార్?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

కోతలు కావు బాబూ. 1957 ఏప్రిల్ 15న లండన్లో బయల్దేరి జూన్ 5న కలకత్తా చేరింది, పేరు ఇండియామ్యాన్, టికెట్టు 85 పౌండ్లు. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చింది. ఆ తర్వాత ఆ దారిలో చాలామందే తిరిగారు. 1979లో ఇరాన్లో విప్లవం, అదే ఏడు చివర్లో అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో ఆ దారి మూతబడింది. మన దగ్గర 1999లో వాజ్‌పేయి ఎక్కి వెళ్లిన ఢిల్లీ–లాహోర్ బస్సు కూడా 2019లో ఆగిపోయింది. ఢిల్లీ–కాఠ్‌మాండూ బస్సు 2014లో మొదలైంది. లండన్ బస్సు సంగతి చిత్తూరులో ఉన్న మీ తాతకు ఎట్లా తెలిసిందో అడిగి నాకు రాయి.